రోటరీ ఇంజను విమానానికి పెట్రోలు ట్యాంకు వెంట్ (గాలి ఆడే పైపు) ఎంత సైజు పెట్టాలి?

పర్లాకిమిడి_రెక్క
రెండు సీట్ల విమానం, రెక్కలు కిందవైపు, మొత్తం అల్యూమినియం. రెక్కకో ట్యాంకు, ఒక్కోటి 75 లీటర్లు. ఇంజను మజ్దా 13బి, అంటే పిస్టన్ల బదులు రోటర్ తిరిగే కారు ఇంజను (రోటరీ), ఫ్యూయల్ ఇంజెక్షన్. ఇంజను తాగగా మిగిలిన పెట్రోలు రిటర్న్ లైన్లో వెనక్కొస్తుంది. ప్లాన్లో వెంట్‌కి పావు అంగుళం పైపు చూపించేరు. కానీ ఆ ప్లాను కార్బురేటర్ ఉన్న లైకమింగ్ పిస్టన్ ఇంజను కోసం గీసింది. రోటరీ దాహం ఎక్కువ కదా, వెంట్ 3/8 అంగుళానికి పెంచాలేటి? ట్యాంకులకి ఇంకా వెనక రేకు మూయలేదు. సీలెంట్ పెట్టి మూసేక మార్చడం కుదరదు. సైజుకి లెక్క ఏదైనా ఉంటే చెప్పండి.

బల్లార్షా_రించి
పెంచుడు అవసరం లేదు. 13బి నుంచి 180 హార్స్‌పవర్ తీస్తే, హార్స్‌పవర్‌కు గంటకు 240 గ్రాముల చొప్పున 43 కిలోలు. పెట్రోలు లీటరుకు 740 గ్రాములు పట్టుకో, 58 లీటర్లయితది. నిమిషానికి ఒక లీటరు. ఎంత పెట్రోలు బయటికి పోతే అంత గాలి లోపలికి రావాలె, అంతే లెక్క. అదే పవర్ తీస్తే లైకమింగ్ కూడ ఫుల్ థ్రాటిల్ మీద దగ్గర దగ్గర గంతే తాగుతది. నిమిషానికి లీటరు గాలికి పావు అంగుళం మస్తు.

బరంపురం_రివెట్
ఇంజను లెక్క సరే, దిగేటప్పటి లెక్క వదిలేసేవు. కిందికి దిగుతుంటే బయట గాలి ఒత్తిడి పెరుగుతుంది. ట్యాంకులో ఖాళీ జాగా ఎంత ఉంటే అంత గాలి లోపలికి లాగుతుంది. సముద్రమట్టం దగ్గర వెయ్యి అడుగులకి 36 హెక్టోపాస్కల్, అంటే సుమారు మూడున్నర శాతం. ట్యాంకు దాదాపు ఖాళీ, లోపల 70 లీటర్ల గాలి ఉందనుకో. నిమిషానికి వెయ్యి అడుగులు దిగితే నిమిషానికి రెండున్నర లీటర్ల గాలి కావాలి. ఇంజను తాగేదానికి రెండున్నర రెట్లు. రెండూ కలిపితే మూడున్నర లీటర్లు.

ఇప్పుడు పైపు. గోడ మందం 0.035 అంగుళం పైపైతే పావు అంగుళం దానికి లోపలి వ్యాసం 4.6 మి.మీ., 3/8 దానికి 7.7 మి.మీ. పొడవు ఒకటిన్నర మీటరు అనుకుంటే, నిమిషానికి మూడున్నర లీటర్ల గాలికి పావు అంగుళంలో ఒత్తిడి నష్టం 16 మి.మీ. నీటిమట్టం (అంత ఎత్తు నీళ్ళ ఒత్తిడి), 3/8లో 2 మి.మీ. ఈ వేగంలో గాలి సాఫీగా పోతుంది కాబట్టి వ్యాసం నాలుగో ఘాతం మీద నడుస్తుంది లెక్క. పొడవు రెట్టింపైతే నష్టం రెట్టింపే. 16 మి.మీ. వల్ల ఏ ట్యాంకూ నలిగిపోదు. అందుకని గాలి వరకైతే బల్లార్షా మాటే ఖాయం, పావు అంగుళం చాలు.

రాయగడ_వాంకెల్
మీరిద్దరూ గాలికి లెక్క కట్టేరు. రోటరీలో వెంట్ సైజు తేల్చేది పెట్రోలు. వెంట్‌లోంచి పెట్రోలు పొయ్యే రోజు ఒకటొస్తుంది, దానికి లెక్క కట్టాల.

ఏటంటే, ఇంజెక్షన్ పంపు ఇంజను ఎంత తాగుతుందో చూడదు. 3 బార్ దగ్గర గంటకి 160 లీటర్లు తోసే పంపు తోస్తూనే ఉంటుంది. ఫుల్ థ్రాటిల్లో 60 ఇంజనుకి పోతే 100 వెనక్కి. థ్రాటిల్ మూసి దిగుతున్నప్పుడు ఇంచుమించు 150 వెనక్కి. ఆ 150 ఏ ట్యాంకులో పడుతుందన్నదే అసలు ప్రశ్న. తీసిన ట్యాంకులోనే పడితే గొడవ లేదు, తగ్గేది ఇంజను తాగినంతే. కుడి నుంచి తీసి ఎడమలో పోస్తే, ఎడమ ట్యాంకు నిండుగా ఉంటే, నిమిషానికి రెండున్నర లీటర్ల పెట్రోలు వెంట్‌లోంచే బయటికి పోవాల. దానికి వేరే దారి లేదు.

పెట్రోలుకి రివెట్ గారి ఒకటిన్నర మీటరు పైపులోనే చూడండి:
గంటకి 100 లీటర్లు పావు అంగుళంలో పంపాలంటే 11 కిలోపాస్కల్ పైచిలుకు కావాల. 150 లీటర్లకి 23 దాటుతుంది. అదే 3/8లో 100 లీటర్లకి 1, 150 లీటర్లకి 2.

ఆ ఒత్తిడంతా ట్యాంకు రేకు మీదే. రిబ్బుల (రెక్క లోపలి అడ్డ పలకల) మధ్య 25 సెం.మీ. × 50 సెం.మీ. గడి ఒకటి తీసుకుంటే 11 కిలోపాస్కల్‌కే దాని మీద 140 కిలోల తోపు. అమెరికాలో చిన్న విమానాలకి ఉన్న పాత పార్ట్ 23 రూల్స్‌లో మామూలు లోహపు ట్యాంకుకి పరీక్ష ఒత్తిడి 3.5 పీఎస్ఐ, అంటే 24 కిలోపాస్కల్. పావు అంగుళం వెంట్‌తో ఒక్క సెలెక్టర్ (ట్యాంకు ఎంచుకునే వాల్వు) తప్పుగా తిప్పితే ఆ పరీక్ష గాల్లో జరుగుతుంది. సీలెంట్ ముందు ఊడేది రివెట్ వరస దగ్గరే.

3/8 పెట్టు. ట్యాంకు తెరిచి ఉందంటున్నావు కదా, ఇంతకన్నా మంచి సమయం రాదు.

పర్లాకిమిడి_రెక్క
ఫీడ్‌కి సెలెక్టర్ ఒకటి పెట్టి, రిటర్న్ ఎప్పుడూ ఎడమ ట్యాంకుకే వెళ్ళేట్టు అనుకున్నాను. ముందు ఎడమ వాడతాం, అది కొంచెం తగ్గేక కుడికి తిప్పుతాం. అలా అయితే ఎడమలో జాగా ఉంటుంది కదా?

రాయగడ_వాంకెల్
జాగా ఎంతుంటే అంతసేపే. ఎడమలో 20 లీటర్లు ఖాళీ చేసి కుడికి తిప్పేవనుకో. క్రూజ్‌లో గంటకి 40 తాగితే మిగతా 120 ఎడమకి. పది నిమిషాల్లో ఆ 20 నిండిపోతుంది, పదకొండో నిమిషం నుంచి వెంట్‌లోంచి ధార. కుడి వైపు చూస్తే గంటకి 160 తగ్గుతుంది. నువ్వు దాదాపు రెండు గంటలు వస్తుందనుకున్న ట్యాంకు అరగంటలో అయిపోతుంది. గేజ్ చూసి ఇంజను ఏదో ఎక్కువ తాగుతోందనుకుంటావు.

ఫీడు, రిటర్న్ రెండూ ఒకే పిడికి కలిసి తిరిగే ఆరు పోర్టుల సెలెక్టర్ పెట్టు. ఎడమ అంటే ఎడమ నుంచి తీసి ఎడమకే. ఆఫ్‌లో మాత్రం రిటర్న్‌ని ఎటూ పోనివ్వకుండా మూసేసే రకమా కాదా చూసుకో. పంపు నడుస్తుండగా రిటర్న్ మూసుకుపోతే ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ పనిచేయదు, రైలులో (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టంలో) ఒత్తిడి పంపు చివరికంటా పెరిగిపోతుంది.

కిన్వట్_కార్బ్
గింత తిప్పలెందుకు? రిటర్న్ లేకుండ చెయ్యి. రెగ్యులేటర్‌ను ట్యాంకు దగ్గర పెట్టు, ఇంజనుకు ఒకటే లైను. కొత్త కార్లల్ల గదే ఉంటది.

కొరాపుట్_ఎత్తు
కారులో పంపు ట్యాంకులోపలే పెట్రోలులో మునిగి ఉంటుంది. ఇక్కడ పంపు బయట. పైగా రిటర్న్ లేకపోతే ఇంజను గదిలో రైలు దగ్గర వేడెక్కిన పెట్రోలు అక్కడే కూచుంటుంది. నేల మీద ఎండలో పది నిమిషాలు ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే రైలు నిండా ఆవిరి బుడగలు. రిటర్న్ ఉంటే పంపు వేసిన కొద్ది సెకన్లకి ఆ బుడగలన్నీ ట్యాంకుకి తోసేస్తుంది. రోటరీ కింద వేడి ఎక్కువ, ఆ లైన్ పక్కనే ఎగ్జాస్ట్ ఉంటుంది. రిటర్న్ ఉంచడమే మేలు.

కానీ దానికీ మూల్యం ఉంది. వేడి పెట్రోలు తిరిగి తిరిగి ట్యాంకుని వేడెక్కిస్తుంది. బంకు పెట్రోలు ఆవిరి ఒత్తిడి 38 డిగ్రీల దగ్గర 60 కిలోపాస్కల్ అనుకోండి. ఏవీగ్యాస్‌కి (విమానాల పెట్రోలుకి) 38 నుంచి 49. 8,000 అడుగుల దగ్గర బయట గాలి ఒత్తిడే 75. ట్యాంకు 50 డిగ్రీలకి చేరితే బంకు పెట్రోలు ఆ 75ని దాటిపోతుంది, అంటే ట్యాంకులోనే మరగడం మొదలు. చంద్రపూర్ వైపు మే నెలలో నీడలోనే 46 చూస్తాం, ఇక నేల మీద నిలబెట్టిన రెక్క సంగతి చెప్పక్కర్లేదు. ఆవిరంతా వెంట్‌లోంచే పోవాలి. 3/8కి ఇది ఇంకో కారణం.

బల్లార్షా_రించి
సరే, రిటర్న్ తప్పు ట్యాంకుకు పోతే పావు అంగుళం సరిపోదు, ఒప్పుకున్న. కానీ సెలెక్టర్ ఆరు పోర్టులదే పెడితే ఆ ప్రమాదమే లేదు గద. అప్పుడు పావు అంగుళం తేలిక, వంచుడు సులువు, ఫిట్టింగులు చిన్నయి. రెండు రెక్కలకు కలిపి పైపు, ఫిట్టింగులల్ల పావు కిలో దాకా మిగులుతది.

రాయగడ_వాంకెల్
సెలెక్టర్ లోపల ఓ-రింగ్ ఒకటి కోసుకుపోతే చాలు, రిటర్న్ కొంచెం కొంచెంగా రెండో ట్యాంకులోకి కారుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలులో తప్పు రబ్బరు ఉబ్బి కోసుకుపోవడం మామూలే. వెంట్ ఉండేది మిగతావి పాడైన రోజు కోసం. పావు కిలో ఆదా చేయడానికి వేరే చోటు వెతకండి.

సిరోంచ_గోదారి
మీరు మి.మీ.లు లెక్క పెట్టుడు మంచిదే గని మట్టిగూడు కట్టే కందిరీగ ఒక్కటి మొత్తం సున్న చేస్తది. గోదారి ఒడ్డున వానలు ఆగినంక చూడు, నాలుగు నుంచి పది మి.మీ. బొక్క ఏది తెరిచి ఉన్నా రెండు రోజుల్ల మట్టితో మూస్తది. పావు అంగుళం పైపు దానికి ఇష్టమైన సైజు. 3/8 కూడ అంతే. హ్యాంగర్ల నిలబెట్టినంతసేపు ఎర్ర గుడ్డ తోక ఉన్న మూత పెట్టాలె, ఎగిరే ముందు తియ్యాలె. మూత గాలి రాకుండ బిగుసుకునేది కావొద్దు. ఎండకు ట్యాంకు వేడెక్కితే ఆవిరికి దారుండాలె. స్పాంజి ముక్క మంచిగుంటది.

పైపు లోపల కందిరీగ ఉందా లేదా అన్నది కంటికి కనిపియ్యదు. ట్యాంకు మూత తీసి, వెంట్ మూతి దగ్గర సన్నటి గొట్టం పెట్టి మెల్లగ ఊదాలె. మూత దగ్గర చెంప పెడితే గాలి తెలుస్తది. ప్రతి ఎగురుడుకు ముందు ఇది నిమిషం పని.

కిన్వట్_కార్బ్
జాలీ పెడితే సరిపాయె గద.

బరంపురం_రివెట్
జాలీ పెట్టొచ్చు, కన్ను సైజు చూసి పెట్టాలి. వాన చుక్క జాలీ కన్నులో పొరలా నిలబడుతుంది. 1 మి.మీ. కన్నులో నిలబడ్డ నీటి పొరని పగలగొట్టడానికి దాదాపు 290 పాస్కల్ కావాలి, అర మి.మీ. కన్నుకి 575. పైపు మొత్తం గాలి నష్టం 160 పాస్కల్ లోపే అని పైన చూసేం. అంటే సన్న జాలీ మీద ఒక్క వాన జల్లు పడితే పైపు సైజు లెక్కంతా దండగ. దోమ జాలీ అస్సలు వద్దు. కన్ను ఒకటిన్నర మి.మీ. ఉన్న ఇత్తడి జాలీ చాలు, కందిరీగ పట్టదు. దాన్ని పైపు మూతి మీద నేరుగా అతికించకుండా, చివర గరాటులా వెడల్పు చేసి ఆ వెడల్పు మీద పెట్టు. తీగ ఆక్రమించిన జాగా పోను కన్నుల మొత్తం పైపు లోపలి వైశాల్యానికి కనీసం రెట్టింపు ఉండాలి.

దీనితోపాటు పైపుకి రెండో దారి ఉంచు. బయటి మూతికి కొంచెం పైన, ఫ్యూజలాజ్ (విమానం ఒళ్ళు) లోపలి వైపు కాకుండా బయట గాలిలోనే, పైపు వెనకవైపు రెండు మి.మీ. బొక్క ఒకటి. ముందు మూతి మంచుతోనో మట్టితోనో మూసుకున్నా నిమిషానికి లీటరు గాలి దాంట్లోంచి వస్తుంది.

సిరోంచ_గోదారి
రోటరీ వాళ్ళు పెట్రోలుల టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుతరు, లీటరుకు 8 మి.లీ. దాకా. వెంట్‌ల నుంచి చుక్కలు బయటికొస్తే పెట్రోలు ఆరిపోతది, ఆయిల్ జాలీ మీద మిగులుతది. దాని మీద దుమ్ము అంటుకుని ముద్దయితది. ఉత్త పెట్రోలు వాడే విమానం కంటె రెండింతలు తరుచుగ జాలీ కడగాలె. విప్పేటట్టు స్క్రూ మీద పెట్టుర్రి, రివెట్ కొట్టొద్దు.

పర్లాకిమిడి_రెక్క
3/8 ఖాయం చేసుకున్నాను. ఇప్పుడు మూతి ఎటు చూడాల? ప్లాన్లో బొడ్డు కింద 45 డిగ్రీలకి కోసి ముందుకి చూపించేరు. బొడ్డు కింద మధ్యలోనే ఎగ్జాస్ట్ కూడా.

కొరాపుట్_ఎత్తు
ముందు ఎగ్జాస్ట్ సంగతి. రోటరీకి ఎగ్జాస్ట్ వాల్వు లేదు, వేడి వాయువు నేరుగా బయటికి. పైపులో 900 డిగ్రీలు మామూలు. థ్రాటిల్ ఒక్కసారి మూస్తే కాలని మిశ్రమం పైపు చివర మంటలా అంటుకోవడమూ మామూలే. వెంట్‌లోంచి పెట్రోలు కారితే అది బొడ్డు చర్మం వెంబడి వెనక్కి పాకుతుంది. అందుకని వెంట్‌ని ఎగ్జాస్ట్ వెనక వరసలో ఎక్కడా పెట్టొద్దు. రెక్క కింద, వీలైనంత బయటికి, ప్రొపెల్లర్ గాలి వలయం దాటి పెట్టు. క్యాబిన్ గాలి తీసుకునే రంధ్రాలకి కూడా దూరంగా. 2017లో తిరగరాయకముందు పార్ట్ 23లో 975వ రూలు ఇదే చెప్పేది: కారిన పెట్రోలు నిప్పుకి, ఆవిరి మనుషులకి అందకూడదు, తేమ నిలిచే చోటు పైపులో ఉండకూడదు, సైఫన్ అయ్యి పెట్రోలు దానంతటదే కారిపోకూడదు. సొంతంగా కట్టేవాళ్ళని ఆ రూలు కట్టెయ్యదు గానీ దాన్ని దగ్గర పెట్టుకుని గీస్తే ఏదీ మర్చిపోం.

బల్లార్షా_రించి
మూతి ముందుకే చూడాలె. 120 నాట్ల దగ్గర ముందు గాలి ఒత్తిడి 2.3 కిలోపాస్కల్, 23 సెం.మీ. నీటిమట్టం. అది ట్యాంకుల కూచుంటే పంపుకు సాయం, ఆవిరి తక్కువ, రెక్క పైన ఉన్న ట్యాంకు మూత ఓ-రింగ్ కొంచెం కారినా ట్యాంకు లోపల శూన్యం కాదు.

కొరాపుట్_ఎత్తు
ఆ ఆఖరి ముక్క తిరగేసి చూడు. రెక్క పైన గాలి ఒత్తిడి తక్కువ. ట్యాంకులో 2.3 ఎక్కువ. మూత ఓ-రింగ్ కారితే పెట్రోలు బయటికే పీలుస్తుంది, ముందుకి చూసే వెంట్ ఇంకా తోస్తుంది. మూత వెనక రెక్క మీద నీలం లేదా పసుపు మరక చార కనిపిస్తే అదే.

అయినా ముందుకి చూపడమే నేనూ చెప్తాను, ఎందుకంటే వెనక్కి చూస్తే ట్యాంకులో లోటు వస్తుంది, అది ఇంకా చెడ్డది. పంపు పీల్చే వైపు ఒత్తిడి తగ్గితే ఆవిరి బుడగలు. 45 డిగ్రీలకి కోసి ముందుకి పెడితే పూర్తి 2.3 రాదు, కొంత వస్తుంది. మూతకి మంచి ఓ-రింగ్, అది ఏటా మార్చడం, అంతే.

రెండు రెక్కల మూతులూ ఒకే కోణంలో ఉండాలి. 100 పాస్కల్ తేడా అంటే 14 మి.మీ. పెట్రోలు మట్టం తేడా. రెండు ట్యాంకులూ కలిపి తీసే విమానాల్లో ఒక మూతి కాస్త వంగితే ఒక వైపు ట్యాంకే ఖాళీ అవుతుంది. సెస్నా 172లో వెంట్ ఎడమ స్ట్రట్ (రెక్కని ఆనించే కడ్డీ) వెనక దాక్కుని ఉంటుంది, అది కాస్త పక్కకి జరిగినా ట్యాంకులు సమానంగా తగ్గవు. నీది కింది రెక్క, ఎడమ లేదా కుడి మాత్రమే, రెండూ కలిపే స్థానం సెలెక్టర్లో పెట్టకూడదు. పెడితే ఖాళీ ట్యాంకు నుంచి పంపు గాలి పీలుస్తుంది.

కిన్వట్_కార్బ్
వెంట్‌ల చెక్ వాల్వు (ఒక దిక్కుకే పోనిచ్చేది) పెడితే పెట్రోలు బయటికి పోదు గద? సెస్నాల ఉంటది అంటరు.

బరంపురం_రివెట్
ఉంటుంది, కానీ దాని పలక మధ్యలో చిన్న బొక్క ఉంటుంది. ఆ బొక్క లేకుండా పెట్టేవంటే ఎండలో ట్యాంకు ఉబ్బుతుంది. పెట్రోలు డిగ్రీకి 0.095 శాతం చొప్పున వ్యాకోచిస్తుంది. కొరాపుట్ చలికి తెల్లారగట్ల 15 డిగ్రీల పెట్రోలు 75 లీటర్లు అంచుదాకా పోసి, మధ్యాహ్నం ఎండలో ట్యాంకు 40కి చేరితే 1.8 లీటర్లు ఎక్కువవుతుంది. 2 శాతం ఖాళీ ఉంచమని పాత పార్ట్ 23లో 969వ రూలు చెప్పింది ఇందుకే. 75 లీటర్లకి లీటరున్నర. ఫిల్లర్ గొంతుని ట్యాంకు లోపలికి కొంచెం దింపితే మనిషి ఎంత పోసినా ఆ జాగా నిండదు. కాకపోతే ఆ గొంతు పక్కన పైభాగంలో చిన్న బొక్క ఉంటే మళ్ళీ నిండిపోతుంది, బొక్క పెట్టకు. ఎండాకాలం ఆ 2 శాతం మీద ఇంకో లీటరు తక్కువే పోసుకో.

రోటరీలో చెక్ వాల్వు ఇంకో చిక్కు తెస్తుంది. రిటర్న్ తప్పు ట్యాంకులో పడితే పెట్రోలు బయటికి పోవాల్సిన దారినే అది మూస్తుంది. వాంకెల్ గారు చెప్పిన 3/8 లాభం అంతా పోతుంది. వద్దు.

గుణుపూర్_గేజ్
మూసే ముందు చేసుకోవాల్సిన పరీక్ష ఒకటి ఉంది, పెట్రోలు అక్కర్లేదు. వెంట్ పైపుని ప్లాన్లో ఉన్న వంపులు, ఫిట్టింగులు, జాలీతో సహా నేల మీద పరిచి బిగించండి. ఒక చివర గొట్టంతో బకెట్‌కి తగిలించండి, మందమైన గొట్టం తీసుకోండి, ముప్పావు అంగుళం దాటితే దాని నష్టం లెక్కలోకి రాదు. నీళ్ళు పోసి, నిమిషానికి రెండున్నర లీటర్లు పడేదాకా బకెట్ ఎత్తండి. వాచీ, కొలత డబ్బా చాలు. బకెట్‌లో నీటి మట్టం నుంచి పైపు మూతి దాకా ఎత్తు ఎంతో అదే నష్టం. ఒకటిన్నర మీటరు పావు అంగుళానికి మూడున్నర మీటర్ల పైకి ఎత్తాలి, మేడ మీదకెక్కాలన్నమాట. 3/8కి ఒక అడుగు. పెట్రోలు నీటికన్నా తేలిక కాబట్టి అసలు నష్టం ఇంతకన్నా తక్కువే ఉంటుంది. అడుగున్నర దాటితే ఎక్కడో పైపు చప్పిడి అయిందనో ఫిట్టింగ్ లోపల బర్ (కోసినచోట మిగిలిన లోహపు పొట్టు) ఉందనో అర్థం.

పరీక్ష అయ్యేక పైపుని గాలితో ఆరబెట్టండి.

గుణుపూర్_గేజ్
ట్యాంకు మూసేక రెండోది. తాపీమేస్త్రీల లెవెల్ పైపు తీసుకుని చెక్కకి యూ ఆకారంలో కట్టి రంగు నీళ్ళు పోయండి. పక్కన స్కేలు. ఒక చివర ట్యాంకు సెండర్ (గేజ్‌కి మట్టం చెప్పే పరికరం) రంధ్రానికి పలక వేసి తగిలించండి, రెండోది గాలికి తెరిచి. ఫిల్లర్ మూత వేసి, వెంట్ తెరిచి, పంపుతో గంటకి 75 లీటర్లు డబ్బాలోకి తోయించండి. 60 తాగే ఇంజనుకి 75 ఎందుకంటే పంపు వ్యవస్థ టేకాఫ్ అవసరానికి 125 శాతం ఇవ్వాలని పాత రూలు. నీటి మట్టం తేడా 25 మి.మీ. దాటకూడదు. తర్వాత తోకచక్రం విమానమైతే నేల మీద ఉన్న ముక్కు పైకెత్తిన భంగిమలోనే ఇది మళ్ళీ చేయండి. ఆరుబయట, ట్యాంకుకీ డబ్బాకీ తీగ కట్టి, దగ్గర్లో గ్రైండర్ నడవకుండా.

లీకు పరీక్షకి కంప్రెసర్ తగిలించొద్దు. ఒక పీఎస్ఐ చాలు, అది 70 సెం.మీ. నీటిమట్టం. అదే యూ పైపుతో కొలవచ్చు. సైకిలు పంపు, సబ్బు నీళ్ళు. వెంట్ ఫిట్టింగ్‌కి రబ్బరు బుడగ (బెలూన్) కట్టి రాత్రంతా వదిలేస్తే చిన్న కారుడు కూడా తెలిసిపోతుంది, కాని ఎండ తగిలితే బుడగ దానంతటదే ఉబ్బుతుంది, చల్లబడితే తగ్గుతుంది. నీడలో, ఒకే వేళకి చూడండి.

రాయగడ_వాంకెల్
గేజ్ గారి రెండో పరీక్షలో 25 మి.మీ. కన్నా ఎక్కువ వస్తే ముందు పైపు సైజుని అనుమానించకండి. పైపులో ఎక్కడో పల్లం ఉండి పెట్రోలు నిలిచిందేమో చూడండి. 5 సెం.మీ. పల్లంలో నిలిచిన పెట్రోలుని తోసుకుని గాలి రావాలంటే 37 మి.మీ. నీటిమట్టం కావాల. 3/8 పైపు మొత్తం నష్టం 2 మి.మీ.. అంటే పల్లం ఒక్కటే పైపుకి పద్దెనిమిది రెట్లు. పైపు ఎంత లావుగా పెట్టినా ఆ పల్లం లోతు తగ్గదు.

దారి ఇలా ఉండాల: రెక్క చివర వైపు కొంచెం పైకి ఉంటుంది కాబట్టి ట్యాంకులో ఎత్తైన చోటు బయటి రిబ్బు, ముందు మూల. వెంట్ నోరు అక్కడ, పై రేకుకి 5 మి.మీ. కింద. అక్కణ్ణుంచి పైపు ట్యాంకు లోపలే పై మూలన రిబ్బులకి క్లిప్పులు వేసుకుంటూ మొదటి రిబ్బు దాకా రావాల, ఎక్కడా వేలాడకూడదు, క్లిప్పుకి క్లిప్పుకి 30 సెం.మీ. మించకుండా. ఫ్యూజలాజ్‌లోకి వచ్చేక నిటారుగా పైకి, ట్యాంకు పై అంచుకన్నా కనీసం 15 సెం.మీ. ఎత్తుకి, అక్కడ వంపు తిరిగి కిందికి దిగి బయటికి. ఆ వంపు వల్ల రెక్క వాలినా, మలుపులో పెట్రోలు ఒక పక్కకి కొట్టినా బయటికి పోదు.

రెక్క బయటికి మూతి పెట్టమని కొరాపుట్ అన్నాడు, వంపు ఫ్యూజలాజ్‌లో ఉంటే మళ్ళీ రెక్క కిందకి తీసుకుపోవాల. పైపు మూడు మీటర్లవుతుంది. 3/8లో అదేం భారం కాదు, గాలి నష్టం నాలుగు మి.మీ.. ఎగ్జాస్ట్‌కి దూరమే ముఖ్యం.

పర్లాకిమిడి_రెక్క
పల్లం దారిలో తప్పనిసరిగా వస్తే? వింగ్ రూట్ (రెక్క మొదలు) దగ్గర స్పార్ (రెక్క దూలం) బోల్టులు దాటించాలంటే ఒకచోట రెండు అంగుళాలు దింపాల.

రాయగడ_వాంకెల్
పల్లం అడుగున టీ (T) ఆకారం ఫిట్టింగ్, దానికి డ్రైన్ వాల్వు, బయటి నుంచి చేతికి అందేలా. ప్రతిసారీ ట్యాంకు డ్రెయిన్ చూసేటప్పుడు అదీ చూడాల. వీలైతే బోల్టుల పైనుంచి తిప్పు.

పర్లాకిమిడి_రెక్క
రిటర్న్ పైపు ట్యాంకులో ఎక్కడ వదలాల?

కొరాపుట్_ఎత్తు
పంపు పీల్చే జాలీకి వీలైనంత దూరం, అడుగు దగ్గర. పైనుంచి ధారలా పడితే నురుగు, ఆవిరి, స్టాటిక్. జాలీ పక్కనే వదిలితే రైలు నుంచి వచ్చిన బుడగలు తిరిగి పంపులోకే. చిన్న హెడర్ ట్యాంకులోకి (పెద్ద ట్యాంకుకీ పంపుకీ మధ్య ఉండే చిన్న ట్యాంకులోకి) వదిలే ఆలోచన ఉంటే మానెయ్యి. 8 లీటర్ల హెడర్‌లో గంటకి 160 లీటర్లు తిరిగితే మూడు నిమిషాలకోసారి అదే పెట్రోలు ఇంజను వేడి తెచ్చుకుంటుంది. పెట్టక తప్పకపోతే హెడర్ నెత్తి నుంచి ట్యాంకు పైభాగానికి ప్రత్యేకంగా 3/8 వెంట్, అదీ పల్లం లేకుండా.

కిన్వట్_కార్బ్
3/8 అల్యూమినియం పైపు ఇక్కడ యాడ దొరుకుతది? ఏసీ దుకాణంల 3/8 రాగి పైపు ఎంతంటె అంత ఉంటది. గదే వాడితె?

బల్లార్షా_రించి
రాగి వద్దు. ఇంజను వణుకుడుకు రాగి గట్టిపడి ఫ్లేర్ (గరాటు లెక్క విప్పిన పైపు చివర) మెడ దగ్గర పగులుతది. బరువు కూడ మూడింతలు. 5052 గ్రేడు మెత్తటి అల్యూమినియం పైపు, గోడ 0.035 అంగుళం తెప్పించు. ముంబైల, హైదరాబాద్‌ల అల్యూమినియం దుకాణాల్ల చుట్టలు దొరుకుతయ్. గ్రేడు రాసున్న కాయితం అడుగు. చుట్ట విప్పేటప్పుడు నేల మీద బల్ల వేసి దొర్లించు, చేతితో లాగితే చప్పిడి అయితది. వంపుకు లోపలి వ్యాసార్థం పైపు వ్యాసానికి మూడింతలు తగ్గొద్దు.

సిరోంచ_గోదారి
ఏసీ మెకానిక్ దగ్గర ఫ్లేర్ టూల్ కూడ అడగొద్దు. దానిది 45 డిగ్రీలు. విమానాల్ల వాడే ఏఎన్ రకం ఫిట్టింగ్ 37 డిగ్రీలు. 45 ఫ్లేర్ 37 ఫిట్టింగ్ మీద బిగుస్తది, చూడనీకి మంచిగనే ఉంటది, అంచు మీద ఒక్క గీత దగ్గరనే ఆనుతది. బిగిస్తే ఆ గీత దగ్గర తెగుతది.

గుణుపూర్_గేజ్
37 డిగ్రీల టూల్ తెప్పించుకున్నాక: పైపు చివర చదరంగా కోసి, లోపలా బయటా బర్ తీసి, నట్టూ స్లీవూ ముందు పైపుకి ఎక్కించి, అప్పుడు ఫ్లేర్ వెయ్యండి. కోన్ మీద ఒక్క చుక్క నూనె. ఫ్లేర్ అయ్యేక భూతద్దంతో అంచు చూడండి, నిలువు గీత ఒక్కటి కనిపించినా ఆ అంగుళం కోసి పారేయండి. పొడవు అందుకే రెండంగుళాలు ఎక్కువ ఉంచుకోవాలి.